ఆర్-టైప్: ఒక్క ఆట, అయిదు కంప్యూటర్లు, పొంతన లేని అభిప్రాయాలు

జపాన్ కంపెనీ ఐరెమ్ 1987లో ఆర్కేడ్ యంత్రాలకు తెచ్చిన అంతరిక్ష యుద్ధపు ఆట ఆర్-టైప్. తెర కుడి నుంచి ఎడమకు జరుగుతూ ఉంటుంది. ఆర్-9 అనే చిన్న ఓడ బైడో సైన్యాన్ని ఎదుర్కొంటూ 8 దశలు దాటాలి. ఒక్క తూటా తగిలినా, గోడ రాసుకున్నా ఓడ పేలిపోతుంది. 1988, 89 సంవత్సరాల్లో ఈ ఆట యూరప్ ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చింది. జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64, ఆమ్‌స్ట్రాడ్ సీపీసీ, అటారీ ఎస్‌టీ, అమీగా. పెట్టెలన్నిటి మీదా యాక్టివిజన్ వారి ఎలెక్ట్రిక్ డ్రీమ్స్ ముద్రే.

ఈ ఆట ఎలా ఉందని అప్పటి ఆటగాళ్లను అడిగితే వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి కలవవు. స్పెక్ట్రమ్ మీద ఆడినవారు అది అసాధ్యాన్ని సాధించిన పని అంటారు, ఇన్ని రంగులు ఆ యంత్రంలో ఎలా వచ్చాయో అని ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. ఆమ్‌స్ట్రాడ్ వాళ్లకు ఈ పేరు వింటేనే మనసుకు కష్టం కలుగుతుంది. కమొడోర్ 64 వాళ్లు బాగుందని ఒప్పుకుంటూనే, ఇలాంటివే అయిన కటాకిస్, ఆర్మలైట్ అనే ఆటలు ఇంతకంటే బాగుంటాయని వెంటనే చేరుస్తారు. అమీగా వాళ్లు ఆర్కేడ్‌కు దగ్గరగా వచ్చిందా లేదా అన్న ఒక్క కొలతతోనే తీర్పు చెబుతారు. ఇది అభిరుచుల తేడా అనుకుంటే పొరపాటు. ఒక్కొక్కరి చేతిలో ఉన్నది ఒక్కో ఆట. పేరు, బొమ్మల పోలిక, దశల వరుస మాత్రమే ఉమ్మడి. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, లోపలున్న చిప్పు ఏమి చేయగలదో దాన్ని బట్టే ఆట తయారైంది, ఆ ఆటను బట్టే అభిప్రాయం ఏర్పడింది. అందుకే ఈ ఆట మీద అభిప్రాయాలను అర్థం చేసుకోవాలంటే ముందు తెర జరగడం ఎంత ఖరీదైన పనో తెలియాలి.

తెర జరపడం అనే భారం

స్పెక్ట్రమ్‌తో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే అందులో సాయం చేసే చిప్పు ఏదీ లేదు. తెర వెడల్పు 256 చుక్కలు, ఎత్తు 192. చుక్కల కోసం 6,144 బైట్లు, రంగుల కోసం 768 బైట్లు, మొత్తం 6,912. బొమ్మలను కదిపే స్ప్రైట్ల హార్డ్‌వేర్ లేదు, తెరను జరిపే రిజిస్టరు (చిప్పులో ఒక అంకె ఉంచే చిన్న చోటు) లేదు. ప్రతి బైటునూ 3.5 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసరే చేత్తో మోయాలి.

టీవీ సెకనుకు 50 సార్లు బొమ్మ గీస్తుంది, ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము. 48కె స్పెక్ట్రమ్‌లో రెండు ఫ్రేముల మధ్య ప్రాసెసర్‌కు దొరికే సమయం 69,888 గడియార స్పందనలు. ఎల్‌డీఐఆర్ అనే సూచనతో ఒక బైటును ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడానికి 21 స్పందనలు పడతాయి. తెర చుక్కలన్నీ మోయాలంటే 6,144ను 21తో గుణించాలి, అంటే 1,29,024. దాదాపు రెండు ఫ్రేములు తెర నకలుకే సరిపోతాయి. శత్రువులు కదలాలి, తూటాలు లెక్కించాలి, ఓడ తగిలిందో లేదో చూడాలి, వీటన్నిటికీ మిగిలేది శూన్యం.

కాబట్టి ప్రోగ్రామర్లు రెండు దారులు పట్టారు. మొదటిది, ఆడే కిటికీని తగ్గించడం. 144 గీతల ఎత్తుకు కుదిస్తే మోయాల్సింది 4,608 బైట్లు. కింద మిగిలిన చోటులో స్కోరు, బీమ్ (బటన్ నొక్కి పట్టుకుని నింపి వదిలే కాల్పు) మీటరు పెట్టేస్తారు. రెండోది స్టాక్‌ను, అంటే ప్రాసెసర్ తాత్కాలికంగా అంకెలు దాచుకునే చోటును, అడ్డదారిలో వాడుకోవడం. పాప్ సూచన 10 స్పందనల్లో రెండు బైట్లు తీస్తుంది, పుష్ 11 స్పందనల్లో రెండు బైట్లు పెడుతుంది. అంటే బైటుకు పదిన్నర. 4,608 బైట్లకు 48,384 స్పందనలు, ఒక ఫ్రేములోపే అయిపోతుంది. ఇందులో ఒక ప్రమాదం ఉంది. స్టాక్ చోటును చూపే స్టాక్ పాయింటర్ తెర మీద ఉన్న సమయంలో ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి వేరే పని చూడమనే సంకేతం) వస్తే ప్రాసెసర్ తిరిగి రావాల్సిన చిరునామాను తెర మధ్యలో రాసేస్తుంది, చెత్త చుక్కలు కనబడతాయి. అందుకే ఆ కాసేపు ఇంటరప్ట్‌లు ఆపాలి. ఆపితే ఇంటరప్ట్ మీద నడిచే సంగీతం తడబడుతుంది. పైగా తెర మెమరీ ఉన్న 16కె ప్రాంతాన్ని వీడియో చిప్పు కూడా చదువుతుంటుంది కాబట్టి, అది చదివే క్షణాల్లో ప్రాసెసర్ ఆగాల్సిందే. కాగితం మీద వేసిన లెక్క కంటే నిజంగా పట్టే సమయం ఎప్పుడూ ఎక్కువే.

ఇక రంగుల సంగతి. 8×8 చుక్కల గడి ఒక్కొక్కదానికి రెండే రంగులు. పచ్చటి శత్రువు ఎర్రటి గోడ ముందు నుంచి వెళ్తే ఆ గడిలో ఇద్దరూ ఒకే రంగు వేసుకుంటారు. చాలామంది ప్రోగ్రామర్లు ఈ తలనొప్పి ఎందుకని ఆట మొత్తాన్నీ ఒకే రంగులో ముంచేవారు. స్పెక్ట్రమ్ ఆర్-టైప్ రాసిన బాబ్ పేప్, బొమ్మలు గీసిన మార్క్ జోన్స్ రంగులను వదలలేదు. అంతరిక్షం నలుపు కావడం వారికి కలిసొచ్చింది. వెనక నలుపు ఉన్నంతసేపు గడిలో చుక్కల రంగు ఒక్కటే పట్టించుకోవాలి, రెండు వస్తువులు నిజంగా ఒకే గడిలోకి వచ్చినప్పుడే తేడా బయటపడుతుంది. శత్రువుల దారులు, గోడల అంచులు ఎంత విడిగా ఉంటే రంగులు అంత శుభ్రంగా కనిపిస్తాయి. స్పెక్ట్రమ్ ఆటగాళ్ల మెప్పు వెనక ఉన్నది ఈ పనితనమే. ఆర్కేడ్‌తో పోల్చి చూసేవారికి ఇది నెమ్మదిగా, చిన్నగా కనిపిస్తుంది. తమ ఇంట్లో ఉన్న మిగతా స్పెక్ట్రమ్ ఆటలతో పోల్చుకున్నవారికి అద్భుతం. రెండో పోలికే న్యాయమైనది, ఎందుకంటే ఆ ఇంటి పిల్లవాడికి దొరికే ఎంపికలు ఆ ఆటలే.

కమొడోర్ 64: సాయం ఉంది, షరతులూ ఉన్నాయి

కమొడోర్ 64 ప్రాసెసర్ వేగం ఒక మెగాహెర్ట్జ్ లోపే. వేగం అంకె చూసి స్పెక్ట్రమ్ గొప్పది అనుకునేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తెర జరిగే ఆటల్లో మాత్రం కమొడోర్‌దే పైచేయి. దానిలోని విక్-2 చిప్పులో తెరను 0 నుంచి 7 చుక్కల దాకా పక్కకు నెట్టే మూడు బిట్ల రిజిస్టరు ఉంది. ఏడు ఫ్రేముల పాటు ఒక అంకె మారిస్తే చాలు, తెర నునుపుగా జారుతుంది. ఎనిమిదో చుక్క దగ్గర మాత్రం 40×25 అక్షరాల తెర మొత్తాన్నీ ఒక గడి జరపాలి.

చిక్కు వచ్చేది అక్కడే. అక్షరాల తెరకు రెండో నకలు ముందే సిద్ధం చేసుకుని, సమయం వచ్చినప్పుడు చిప్పును దానివైపు తిప్పవచ్చు. రంగుల మెమరీకి ఆ వీలు లేదు. అది ఒక్కచోటే ఉంటుంది, దాన్ని తిప్పలేం. ఆ 1,000 బైట్లనూ ఒక్క ఫ్రేములోనే జరపాలి. లూపు లేకుండా పరిచి రాసిన కోడుకు బైటుకు 8 స్పందనలు వేసుకున్నా 8,000 అవుతాయి. యూరప్ టీవీల పాల్ పద్ధతి కమొడోర్‌లో ఫ్రేముకు ఉన్నదే 312 గీతలు, గీతకు 63 చొప్పున 19,656. అయిదింట రెండు వంతులు రంగులు జరపడానికే పోయాయి. పైగా ప్రతి ఎనిమిదో గీత దగ్గర అక్షరాలు చదువుకోవడానికి విక్-2 చిప్పు 40కి పైగా స్పందనలు లాక్కుంటుంది. ఆట ఎనిమిది చుక్కలకోసారి చిన్నగా ఉలిక్కిపడినట్టు అనిపిస్తోందని ఆటగాడు అంటే, ఆ మాట వెనక ఉన్నది చాలాసార్లు ఈ లెక్కే. అనుభవమున్న ప్రోగ్రామర్లు రంగుల సంఖ్య తగ్గించి, వరుసలను తగ్గించి, లేదా ఒక ప్రాంతమంతా ఒకే రంగు ఉంచి ఈ భారం దించుకునేవారు.

స్ప్రైట్లు ఎనిమిది. ఒక్కొక్కటి 24×21 చుక్కలు, బహుళ రంగుల్లో అయితే అడ్డంగా 12 వెడల్పాటి చుక్కలు. తెర గీస్తుండగానే పైన వాడేసిన స్ప్రైటును కింద మళ్లీ వాడే పద్ధతి ఉంది. దానితో ఎనిమిదిని ఇరవై ముప్ఫైగా చూపించవచ్చు. కానీ ఒకే గీత మీద ఎనిమిదికి మించి రావు. ఓడకు ఒకటి, ఓడకు తగిలించి, విడదీయగల ఫోర్స్ అనే గుండ్రటి ఆయుధానికి ఒకటి, తూటాలను కూడా స్ప్రైట్లతోనే గీస్తే ఇంకో రెండు. మిగిలిన నాలుగులోనే ఆ ఎత్తున ఉన్న శత్రువులంతా సర్దుకోవాలి. గుంపుగా ఒకే వరుసలో వచ్చే శత్రువులకు ఎదురుగా ఓడను పెట్టినప్పుడు ఎవరో ఒకరు మినుకుమినుకుమనడమో, మాయం కావడమో జరిగేది ఇందువల్లే. కనబడని శత్రువు తగిలి చనిపోయామన్న ఫిర్యాదును ఆటగాడి చేతకానితనం కింద కొట్టిపారేయకూడదు.

కమొడోర్ వెర్షన్ పుట్టుక కథ కూడా అభిప్రాయాల మీద గట్టిగా పనిచేసింది. 1988లో జర్మనీ కంపెనీ రెయిన్‌బో ఆర్ట్స్ నుంచి మాన్‌ఫ్రెడ్ ట్రెంజ్ చేసిన కటాకిస్ వచ్చింది. అది ఆర్-టైప్‌కు ఎంత దగ్గరగా ఉందంటే, యూరప్‌లో ఆర్-టైప్ హక్కులున్న యాక్టివిజన్ అభ్యంతరం పెట్టింది. గొడవ చిత్రంగా తీరింది. అసలు ఆర్-టైప్‌ను కమొడోర్‌కు తెచ్చే పని ఆ జట్టుకే వచ్చింది. కటాకిస్ అంగడి నుంచి వెళ్లిపోయి, మార్పులతో డెనారిస్ అనే పేరుతో తిరిగొచ్చింది. అమీగా కటాకిస్ చేసిన ఫాక్టర్ 5 జట్టే అమీగా ఆర్-టైప్ కూడా చేసింది. కాబట్టి కమొడోర్ ఆటగాళ్లు ఆర్-టైప్‌ను కటాకిస్‌తో పోల్చడం యాదృచ్ఛికం కాదు. ఒకే చేతి నుంచి వచ్చిన రెండు పనులవి. ఒకదానిలో ట్రెంజ్ యంత్రానికి తగ్గట్టు తన ఇష్టం వచ్చినట్టు దశలు పేర్చుకున్నాడు. రెండోదానిలో వేరే యంత్రం కోసం వేసిన పటాన్ని, తక్కువ గడువులో, ఈ యంత్రంలో ఇరికించాల్సి వచ్చింది.

అదే ఏడాది థలామస్ విడుదల చేసిన ఆర్మలైట్‌ను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. సైబర్‌డైన్ సిస్టమ్స్ జట్టు దాన్ని కమొడోర్ కోసమే మొదటి నుంచీ రాసింది. ఇద్దరు ఒకేసారి ఆడవచ్చు. జాప్!64 పత్రిక దానికి 97 శాతం ఇచ్చింది. ఎనిమిది స్ప్రైట్ల పరిమితి ముందే తెలిసి, శత్రువుల వరుసలను ఆ పరిమితి చుట్టూ అల్లితే ఎంత తేడా వస్తుందో చూపించిన ఆట అది. ఒక యంత్రం కోసం పుట్టిన ఆటకు, తెచ్చిపెట్టిన ఆటకు మధ్య తేడా తెలుసుకోవాలంటే ఈ మూడింటినీ వరుసగా ఆడి చూడటం కంటే మంచి పాఠం లేదు.

ధ్వని విషయంలో పెద్దగా వివాదం లేదు. కమొడోర్ ధ్వని చిప్పు సిడ్‌లో గొంతులు మూడే. సంగీతం మూడూ తీసుకుంటే పేలుళ్లకు చోటుండదు, అందుకే చాలా ఆటల్లో పేలుడు వచ్చినప్పుడు ఒక గొంతు పాట వదిలేస్తుంది. క్రిస్ హ్యూల్స్‌బెక్ ఆర్-టైప్ మొదటి తెరకు కూర్చిన సంగీతాన్ని మాత్రం కమొడోర్, అమీగా వర్గాలు రెండూ ఏకగ్రీవంగా మెచ్చుకుంటాయి. ఆట నచ్చనివాళ్లు కూడా ఆ పాట కోసం మొదటి తెర దగ్గర ఆగేవారు.

16 బిట్ల ఇళ్లలో

అటారీ ఎస్‌టీలోనూ, అమీగాలోనూ ఉన్నది ఒకే 68000 ప్రాసెసర్. అటారీలో 8 మెగాహెర్ట్జ్, పాల్ అమీగాలో 7.09. అంకె ప్రకారం అటారీదే వేగం. కానీ మొదటి ఎస్‌టీలో తెరను పక్కకు జరిపే హార్డ్‌వేర్ లేదు. అది 1989లో వచ్చిన ఎస్‌టీఈలో చేరింది. ఎస్‌టీ తెర 32,000 బైట్లు, అంటే నాలుగేసి బైట్ల ముక్కలు 8,000. ముక్కకు చదవడానికి 8, రాయడానికి 8 స్పందనలు వేసుకుంటే 1,28,000. ఫ్రేములో ఉన్నవి 1,60,256. ఏ మార్పూ లేని ఉత్త నకలుకే అయిదింట నాలుగు వంతులు. ఒక్కో చుక్క చొప్పున జరపాలంటే బిట్లను కూడా పక్కకు నెట్టాలి. దాన్ని తప్పించుకోవడానికి ముందే జరిపి ఉంచిన బొమ్మల నకళ్లు మెమరీలో పెట్టుకోవాలి, మెమరీ తడిసి మోపెడవుతుంది. అందుకే ఎస్‌టీలో అంతరిక్ష ఆటలు చాలావరకు కిటికీ కుదించుకుని, సెకనుకు 50కి బదులు 25 లేదా 17 ఫ్రేములతో సర్దుకున్నాయి.

అమీగాలో ఇదే పని జరిగే తీరు చూస్తే, ఆటగాళ్ల మధ్య సాగిన వాదాలకు కారణం బోధపడుతుంది. 0 నుంచి 15 చుక్కల దాకా తెరను నెట్టే రిజిస్టరు ఉంది. పదహారో చుక్క దగ్గర మెమరీని మోయనక్కర్లేదు, తెర ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిరునామాను రెండు బైట్లు ముందుకు జరిపితే చాలు. కొత్తగా గీయాల్సింది కుడి అంచున వచ్చే ఒక నిలువు పట్టీ. శత్రువుల బొమ్మలను బ్లిట్టర్ అనే ప్రత్యేక హార్డ్‌వేర్ భాగం అతికిస్తుంది. ప్రాసెసర్ ఆట తర్కం చూసుకుంటుంది. అందువల్ల 1989లో వచ్చిన అమీగా ఆర్-టైప్ మీద విమర్శలు తెర ఎలా కదిలిందన్న దగ్గర ఆగవు. ఆర్కేడ్‌లో ఫలానా చోట ఉన్న వివరం ఇక్కడ ఎందుకు లేదు, ఫలానా రంగు ఎందుకు మారింది, ఇలాంటి చోట్లకు వెళ్తాయి. యంత్రం మెరుగైన కొద్దీ ఆటగాడి కొలత కూడా కఠినమైంది.

కష్టం ఎంత, అన్యాయం ఎంత

ఆర్-టైప్ మీద అన్ని యంత్రాలవారూ కలిసి చెప్పే ఒకే మాట, చాలా కష్టం అని. ఇందులో ఆర్కేడ్ రూపకల్పన నుంచి వచ్చిన కష్టం కొంత, ఇంటి కంప్యూటర్‌కు తేవడంలో కొత్తగా చేరిన కష్టం కొంత. వీటిని విడదీసి చూడాలి.

రూపకల్పనలోని కష్టం ఇది. ఓడ పేలితే అదే చోట తిరిగి పుట్టదు, వెనకున్న గుర్తు దగ్గరికి పంపుతుంది. సంపాదించుకున్న ఫోర్స్, క్షిపణులు, వేగం, ఓడకు పైనా కిందా ఉండే బిట్ అనే చిన్న గోళాలు అన్నీ పోతాయి. నెమ్మదిగా కదిలే ఉత్త ఓడతో, పూర్తి ఆయుధాలున్న ఓడ కోసం పేర్చిన చోటును దాటాలి. ఒకసారి పోయినవాడు వరుసగా మూడు ప్రాణాలూ అక్కడే పోగొట్టుకుంటాడు. దీన్ని తట్టుకునే పద్ధతి ఒకటి ఉంది. మళ్లీ పుట్టగానే శత్రువుల్ని చంపే ఆరాటం వదిలి, మొదట ఫోర్స్ కోసం మాత్రమే ఆడాలి. ఫోర్స్ నాశనం కాదు, చిన్న తూటాలను మింగేస్తుంది, అది ముందుంటే సగం ఆట కాచుకున్నట్టే. తర్వాత వేగం పెంచే సాధనం ఒకటి. రెండుకు మించి తీసుకుంటే ఇరుకు సందుల్లో ఓడ అదుపు తప్పి గోడకు తగులుతుంది. లేజర్లలో అడ్డంగా దూసుకెళ్లేదాని కంటే గోడలకు తగిలి తిరిగొచ్చే నీలిరంగుది సందుల్లో ఎక్కువ పనికొస్తుంది. ఫోర్స్‌ను వెనక్కి తగిలించుకోవడం చాలామంది మరిచిపోతారు. శత్రువులు వెనక నుంచి వచ్చే చోట్ల అది ప్రాణం కాపాడుతుంది.

మొదటి దశ చివర వచ్చే డోబ్‌కెరాటోప్స్ దగ్గర కొత్తవాళ్లు తలకే గురిపెడతారు. దెబ్బ తగలాల్సింది పొట్ట దగ్గర నుంచి పొడుచుకొచ్చే చిన్న జీవికి. తోక ఊగే తీరు చూసుకుని, బీమ్‌ను పూర్తిగా నింపుకుని వదిలితే త్వరగా పడిపోతుంది. మూడో దశ మొత్తం ఒకే పెద్ద యుద్ధనౌకతో పోరాటం. దాన్ని మొదటిసారి చూసిన క్షణాన్ని ఏ యంత్రం మీద ఆడినవారైనా గుర్తుపెట్టుకుంటారు. ఆ పరిమాణం చూపించడానికి స్పెక్ట్రమ్ కూడా వెనకడుగు వేయలేదు.

ఇప్పుడు కొత్తగా చేరిన కష్టం. ఆర్కేడ్ తెర వెడల్పు 384 చుక్కలు. స్పెక్ట్రమ్‌ది 256. బొమ్మల పరిమాణం అలాగే ఉంచితే ఆటగాడికి కనబడేది మూడింట రెండు వంతులే. ఒక ఉదాహరణ చూద్దాం. ఓడ ఎడమ అంచు నుంచి 80 చుక్కల దూరంలో ఉంది, కుడి అంచు నుంచి తూటా ఫ్రేముకు 4 చుక్కల చొప్పున వస్తోంది. ఆర్కేడ్‌లో అది 304 చుక్కలు ప్రయాణించాలి, 76 ఫ్రేములు పడుతుంది. ఆ యంత్రం సెకనుకు సుమారు 55 ఫ్రేములు చూపుతుంది కాబట్టి తప్పుకోవడానికి దాదాపు 1.4 సెకన్లు ఉంటాయి. 256 వెడల్పులో అదే తూటా 176 చుక్కలు వస్తే చాలు, 44 ఫ్రేములు, 50 హెర్ట్జ్‌లో 0.9 సెకను కంటే తక్కువ. తూటా ఎక్కడి నుంచో ఊడిపడిందన్న ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు నిజం. దీనికి విరుగుడుగా బొమ్మలను చిన్నవి చేయాలి, లేదా తూటాల వేగం తగ్గించాలి. మొదటిది చేస్తే ఆర్కేడ్ పోలిక పోయిందంటారు, రెండోది చేస్తే నెమ్మదంటారు.

ఇంకొకటి జాయ్‌స్టిక్. ఆర్కేడ్‌లో కాల్చడానికి ఒక బటన్, ఫోర్స్‌ను విడదీయడానికి ఒకటి. ఇంటి కంప్యూటర్ల జాయ్‌స్టిక్‌లకు అప్పట్లో మామూలుగా ఒకటే బటన్. ఫోర్స్‌ను వదలాలంటే కీబోర్డు మీద వేరే కీ నొక్కాలి, అంటే స్టిక్ పట్టుకున్న చేతుల్లో ఒకటి క్షణం పాటు వదలాలి. అందుకే ఆ రోజుల ఆటగాళ్లలో చాలామంది ఫోర్స్‌ను ముందువైపే తగిలించుకుని ఆట మొత్తం ఆడేశారు. ఆటకు ప్రాణమైన ఎత్తుగడ వాళ్ల అనుభవంలోకి రానే లేదు. ఆటోఫైర్ ఉన్న స్టిక్‌లు మరో చిక్కు తెచ్చాయి. బటన్ నొక్కి పట్టుకుంటేనే బీమ్ నిండుతుంది. ఆటోఫైర్ సెకనుకు ఎన్నోసార్లు బటన్‌ను వదిలి నొక్కినట్టు సంకేతం పంపుతుంది కాబట్టి బీమ్ ఎప్పటికీ నిండదు. బీమ్ పనిచేయడం లేదని అనుకున్నవాళ్లు స్టిక్ అడుగున ఉన్న స్విచ్ ఒకసారి చూసుకోవాల్సింది.

కష్టం మీద ఫిర్యాదులను తయారీదారులు వినిపించుకోలేదని అనలేం. అమీగాకు 1992లో టీమ్17 తెచ్చిన ప్రాజెక్ట్-ఎక్స్ అందంగా ఉంది గానీ మరీ కష్టంగా ఉందని ఆటగాళ్లు గోల చేస్తే, మరుసటి ఏడాది కష్టం తగ్గించిన ప్రత్యేక వెర్షన్ తక్కువ ధరకు వచ్చింది.

టేపులో ఆడినవారి అసహనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. దశలు విడివిడిగా లోడ్ అయ్యేవి. ఆట అయిపోతే టేపును మొదటికి తిప్పి, మొదటి దశను మళ్లీ లోడ్ చేయాలి. ఫ్లాపీ ఉన్నవారికి ఈ బాధ తక్కువ. ఒకే యంత్రం, ఒకే ఆట, అయినా టేపు మీద ఆడినవారు విసుగని, ఫ్లాపీ మీద ఆడినవారు బాగుందని రాయడంలో వింత లేదు.

ఇప్పుడు ఆడి తీర్పు చెప్పేవారు చూసుకోవాల్సినవి

ఈ రోజు చాలామంది ఈ ఆటలను ఎమ్యులేటర్లలో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాముల్లో) ఆడి అభిప్రాయం చెబుతున్నారు. స్పెక్ట్రమ్‌కు ఫ్యూజ్, కమొడోర్‌కు వైస్, అమీగాకు విన్‌యూఏఈ, అటారీకి హతారీ. ఇవన్నీ నమ్మదగినవే. పొరపాట్లు అమరికల్లో జరుగుతాయి.

అన్నిటికంటే ఎక్కువ తప్పుడు అభిప్రాయాలు పుట్టేది హెర్ట్జ్ దగ్గర. ఈ ఆటలు యూరప్ పాల్ టీవీల 50 హెర్ట్జ్ కోసం రాసినవి. మన దూరదర్శన్‌ది కూడా అప్పట్లో పాల్ పద్ధతే కాబట్టి ఇక్కడి పాత టీవీలదీ అదే లెక్క. ఇప్పటి లాప్‌టాప్ తెరలు చాలావరకు 60 హెర్ట్జ్. సెకనుకు 50 ఫ్రేములను 60 సార్లు చూపాలంటే ప్రతి అయిదో ఫ్రేమును రెండుసార్లు చూపాలి. సెకనుకు పదిసార్లు తెర చిన్నగా ఆగినట్టు కనిపిస్తుంది. ఆ కుదుపు ఆటది కాదు. తెర అమరికల్లో 50 లేదా 100 హెర్ట్జ్ ఉంటే దానికి మార్చాలి, లేకపోతే ఫ్రేములకు తగ్గట్టు మారే సౌకర్యమున్న తెర వాడాలి. కమొడోర్‌ను అమెరికా టీవీల ఎన్‌టీఎస్‌సీ పద్ధతికి అమర్చితే ఇంకా ఘోరం. ఫ్రేములో 263 గీతలు, 17,095 స్పందనలే ఉంటాయి. పాల్ కోసం గీత గీతకూ లెక్కపెట్టి రాసిన కోడు అందులో పట్టదు, బొమ్మలు చిరుగుతాయి, స్ప్రైట్లు ఎగురుతాయి.

అమీగాకు ఆ కాలపు ఏ500 మోడల్‌ను అమర్చాలి. కిక్‌స్టార్ట్ (యంత్రంలోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) 1.3, 512కె చిప్ మెమరీ, అదనంగా మరో 512కె, స్పందనలు కచ్చితంగా పాటించే మోడ్. వేగమైన ప్రాసెసర్ పెడితే ఆట మెరుగవుతుందని అనుకోవద్దు, బ్లిట్టర్ పని ముగియకముందే ప్రాసెసర్ ముందుకు దూకి బొమ్మలు చెదిరే ప్రమాదం ఉంది.

యూఎస్‌బీ కీబోర్డుతో ఆడేవారికి ఇంకో హెచ్చరిక. చవక కీబోర్డుల్లో మూడు కీలు ఒకేసారి నొక్కితే ఒకటి నమోదు కాకపోవచ్చు. ఏటవాలుగా కదులుతూ బీమ్ నింపుతున్నప్పుడు సరిగ్గా మూడు కీలే నొక్కి ఉంటాయి. ఓడ ఒక దిక్కుకే కదిలి గోడకు తగిలితే నింద ఆట మీద పడుతుంది. గేమ్‌ప్యాడ్ వాడి, ఫోర్స్ కీని రెండో బటన్‌కు కలిపితే ఆర్కేడ్ అమరిక తిరిగొస్తుంది. 1988లో స్టిక్‌తో ఆడినవారికంటే ఇది సుఖమైన అనుభవమని మాత్రం తీర్పు చెప్పేటప్పుడు గుర్తుంచుకోవాలి.

ఆట నెమ్మదిగా ఉందో లేదో ఊహతో చెప్పనక్కర్లేదు, కొలవవచ్చు. ఎమ్యులేటర్‌ను ఆపి, ఒక్కో ఫ్రేము ముందుకు నడిపే సౌకర్యంతో 50 ఫ్రేములు లెక్కపెట్టాలి. అందులో వెనక ఉన్న దృశ్యం ఎన్నిసార్లు పక్కకు జరిగిందో రాసుకోవాలి. 50 అయితే పూర్తి వేగం, 25 అయితే సగం, 16 లేదా 17 అయితే మూడింట ఒకటి. ఖాళీ తెర మీద ఒకసారి, శత్రువులు నిండిన చోట ఒకసారి కొలిస్తే తేడా తెలుస్తుంది. రెండు చోట్లా ఒకే అంకె వస్తే ప్రోగ్రామర్ ముందే భారం లెక్కవేసి వేగాన్ని కట్టడి చేశాడన్నమాట. ఆటగాడి చేతికి అది నునుపుగా అనిపిస్తుంది. అంకె మారుతూ ఉంటే సగటు వేగం ఎక్కువున్నా ఇబ్బందిగా ఉంటుంది, తూటా తప్పించుకునే లెక్క ప్రతిసారీ మారిపోతుంది కనుక.

ఆమ్‌స్ట్రాడ్ గాయం

చివరిగా, ఈ గొడవలో అందరికంటే నష్టపోయినవారి సంగతి. ఆమ్‌స్ట్రాడ్ సీపీసీలో 27 రంగుల పెట్టె ఉంది. 160×200 మోడ్‌లో ఒకేసారి 16 రంగులు చూపగలదు. 6845 చిప్పుతో తెర మొదలయ్యే చిరునామాను మార్చి జరపనూ వచ్చు. కానీ దాని తెర మెమరీ 16కె, స్పెక్ట్రమ్‌కు రెండింతలు మించి, ప్రాసెసర్ మాత్రం అదే జెడ్80. రెండిటికీ ప్రాసెసర్ ఒకటే కావడంతో కంపెనీలు స్పెక్ట్రమ్ కోడునే తెచ్చి, నాలుగు రంగుల మోడ్‌లో పోసి అమ్మేసేవి. తక్కువ ఖర్చు, తక్కువ రోజులు. 1988 ఆర్-టైప్‌కూ ఆ రాతే పట్టింది. స్పెక్ట్రమ్‌లో రంగులతో మెరిసిన ఆట, ఎక్కువ రంగులున్న యంత్రంలో వెలవెలబోయింది, నెమ్మదించింది కూడా. ఒక్కో బైటులో చుక్కల అమరిక స్పెక్ట్రమ్‌ది వేరు, ఆమ్‌స్ట్రాడ్‌ది వేరు. బొమ్మను మార్చి పెద్ద తెరలో పెట్టడానికే సమయమంతా పోయింది.

ఆమ్‌స్ట్రాడ్ ఆటగాళ్ల కోపాన్ని యంత్రం మీద అభిమానం కింద తీసేయకూడదని 2012లో రుజువైంది. ఈస్టర్ ఎగ్ అనే అభిమానుల బృందం ఆర్-టైప్ 128కె పేరుతో దీన్ని మళ్లీ చేసి ఉచితంగా విడుదల చేసింది. 16 రంగుల మోడ్, కొత్తగా గీసిన బొమ్మలు, యంత్రానికి తగిన కోడు. ప్రాసెసర్ మారలేదు, అదే 4 మెగాహెర్ట్జ్ జెడ్80. మారినవి రెండు. గడువు తోసుకురాలేదు, 64కెకు బదులు 128కె మెమరీ తీసుకున్నారు. ఆ రెండోది చిన్న విషయం కాదు. 1988లో ఆమ్‌స్ట్రాడ్ ఇళ్లలో ఎక్కువగా కనబడిన 464 మోడల్‌లో ఉన్నది 64కెనే, ఈ కొత్త వెర్షన్ నడవాలంటే దానికి అదనపు మెమరీ తగిలించాలి, ఫ్లాపీ డ్రైవ్ కూడా కావాలి. 6128 మోడల్ ఉన్నవారు మాత్రం, ఆ ఏడాది తమ బల్ల మీద ఉన్న యంత్రమే ఇంత చేయగలిగేదని ఇప్పుడు కళ్లారా చూసుకోవచ్చు.